పుదీనా, దాల్చినచెక్క, మా నాన్నగారి లాప్‌టాప్

దసరాకి తెనాలి వెళ్ళినప్పుడు నాన్నగారు లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టారు. "ఒరే చిన్నా, ఇదేదో నోటీసిస్తోందిరా. ఇల్లు ఖాళీ చెయ్యమంటోందేమో చూడు."

నిజంగానే అలాంటి నోటీసే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సపోర్టు ఆగిపోతుందట, ఈ మెషీన్ విండోస్ 11కి పనికిరాదట. ఆ లాప్‌టాప్ 2014లో కొన్నది. నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు. విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరానికి ముందువాటిని, ఒకటీ అరా తప్ప, గడప తొక్కనివ్వదు, పైగా టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కూడా ఉండాలంటుంది. ఇంకో ఏడాది పాటు సెక్యూరిటీ అప్‌డేట్లు తెచ్చుకునే వెసులుబాటు ఉంది గానీ, 2026 అక్టోబరుకి మళ్ళీ ఇదే పంచాయితీ.

కొత్తది కొందామంటే నాన్నగారు ఒప్పుకోలేదు. "దీనికేమైంది? అక్షరాలు పడుతున్నాయిగా!" ఆయన రిటైరైన తెలుగు పండితులు. కంప్యూటరంటే ఆయనకి అక్షరాలు పడే యంత్రం. పద్యాలు రాసుకుంటారు, అచ్చు తీసి స్నేహితులకి పంచుతారు. ఆ పైన ఈ-పేపర్, యూట్యూబ్‌లో అవధానాలు. అమ్మకి వంటల వీడియోలు. అంతకుమించి ఆ లాప్‌టాప్‌కి పనేం లేదు.

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాదు. హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. విండోస్ బదులు ఉచితంగా వేసుకోగలిగే లినక్స్‌తో మాత్రం కాస్త పాత పరిచయం ఉంది. గుంటూరులో డిగ్రీ చదివే రోజుల్లో, 2007లో, ఉబుంటు అనే లినక్స్ రకం వాళ్ళకి అడ్రసు రాస్తే సీడీ ఉచితంగా పోస్టులో పంపేవాళ్ళు. ఆ పథకం పేరు షిప్పిట్, 2011లో ఆపేశారు. విదేశీ కవరు చూసి ఇంట్లో అందరూ నాకేదో ఉద్యోగం వచ్చిందనుకున్నారు. సీడీ అని తెలిశాక నాన్నగారి మొహం ఎలా మారిందో ఇప్పటికీ గుర్తే. ఆ సీడీతో నేను చేసిందల్లా గోధుమరంగు డెస్క్‌టాప్ చూసి మురిసిపోవడం, మర్నాడు మళ్ళీ విండోస్‌లోకి వచ్చెయ్యడం.

ఈసారి మర్నాడు వెనక్కి రావడం కుదరదు. అందుకని హైదరాబాద్ తిరిగొచ్చాక రాత్రిళ్ళు దీనిమీదే కూర్చున్నాను.

లినక్స్ అంటే అసలు లోపలుండి యంత్రాన్ని నడిపే కెర్నల్ మాత్రమే, 1991లో లీనస్ తోర్వాల్డ్స్ మొదలుపెట్టింది. దానికి తెర, మెనూలు, మిగతా సాఫ్ట్‌వేర్ తగిలించి ఎవరి పద్ధతిలో వాళ్ళు ఒక డిస్ట్రో తయారుచేస్తారు. పిండి ఒకటే, ఒకరు అట్టు పోస్తారు, ఒకరు పునుగులు వేస్తారు. చిక్కల్లా ఈ హోటల్లో మెనూ కార్డు వందల పేజీలుంటుంది. డిస్ట్రోవాచ్ అనే సైట్లో ర్యాంకుల పట్టిక కనిపిస్తే హమ్మయ్య అనుకున్నాను. తీరా చూస్తే ఆ సైట్లో ఏ డిస్ట్రో పేజీని రోజుకి ఎంతమంది తెరిచారన్న లెక్కట అది, వాడేవాళ్ళ లెక్క కాదు. ఆ మాట వాళ్ళే రాసిపెట్టారు కూడా.

చివరికి నాలుగు మిగుల్చుకున్నాను: ఉబుంటు, ఫెడోరా, లినక్స్ మింట్, జోరిన్. డెబియన్ వీటిలో మూడింటికి తాతగారు, 1993 నాటిది, రాయిలా కదలదు. కానీ తాతగారింట్లో అన్నీ మనమే సర్దుకోవాలి, కాబట్టి పక్కనపెట్టాను. నా లాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్లోనే ఇంకో కంప్యూటర్ని నడిపే సాధనం) పెట్టి నాలుగూ తిప్పి చూశాను. నాకు నచ్చింది ఫెడోరా. రెడ్ హ్యాట్ అనే కంపెనీ అండ ఉంది, ఆర్నెల్లకోసారి కొత్తది వస్తుంది, తెర మీద అనవసరమైనది ఒక్కటీ కనిపించదు. ఎక్సెల్‌లో మార్కుల షీటు వేశాను, అకౌంట్స్ బుద్ధి ఎక్కడికి పోతుంది. వేగం, అందం, అప్‌డేట్లు, భద్రత, సాఫ్ట్‌వేర్ లభ్యత. ఫెడోరా ఫస్టు. ఆ షీటు ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో తెలుగు కీబోర్డు అనే వరసే లేదు. ప్రింటరు అనే వరసా లేదు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ల బజారుకి వెళ్ళి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్కు), ఇంకో 4 జీబీ పాత ర్యామ్ ముక్క, పాత డిస్కు పెట్టుకోవడానికి ఒక యూఎస్‌బీ కేసు కొన్నాను. ఈ వ్యవహారం మొత్తంలో బాగా ఖర్చుపెట్టానని ఇప్పటికీ అనిపించేది ఆ ఎస్‌ఎస్‌డీ మీదే. పాత లాప్‌టాప్‌కి ఏ సిస్టం వేసినా సరే, తిరిగే డిస్కు తీసెయ్యకుండా వేస్తే సగం ప్రయోజనం పోతుంది. ఒక 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో వెంటాయ్ వేశాను. ఇది చాలా సుఖమైన సాధనం. ఒకసారి దాన్ని పెన్‌డ్రైవ్‌కి ఎక్కిస్తే చాలు, ఆ తర్వాత డిస్ట్రోలు దొరికే ఐఎస్ఓ ఫైళ్ళు ఎన్నైనా మామూలు ఫైళ్ళలా కాపీ చేసుకోవచ్చు. బూట్ అయ్యేటప్పుడు ఏది కావాలో అదే అడుగుతుంది. ఇన్‌స్టాల్ చెయ్యకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు గనక, దీపావళికి తెనాలిలో నాన్నగారినే కూర్చోబెట్టి పరీక్ష పెడదామని నా ఆలోచన. పరీక్ష ఎవరికి జరిగిందన్నది వేరే సంగతి.

ముందుగా నా ఫస్టు ర్యాంకు ఫెడోరా. నాన్నగారు కళ్ళజోడు సవరించుకుని చూశారు. ఏమీ లేదు. బొమ్మల్లేవు, కింద పట్టీ లేదు. "ఏదిరా?" అన్నారు. విండోస్ మీట నొక్కితే అన్నీ వస్తాయని చూపించాను. వర్డ్ లాంటి లిబ్రేఆఫీస్ తెరిచారు. రెండు ముక్కలు కొట్టాక కాస్త పక్కకి పెట్టి ఈ-పేపర్ చూద్దామనుకున్నారు. బాణం కుడివైపు పైమూలకి వెళ్ళి అక్కడే తచ్చాడుతోంది.

"కిందికి దించే గీత ఏదిరా?"

లేదు. ఫెడోరా వర్క్‌స్టేషన్‌లో గ్నోమ్ అనే తెర దాని అసలు రూపంలో వస్తుంది. కిటికీకి మూసే గుర్తు ఒక్కటే ఉంటుంది, దించే గీత ఉండదు. కావాలంటే ట్వీక్స్ అనే సాధనం వేసి తెచ్చుకోవాలి. వర్చువల్‌బాక్స్‌లో వారం రోజులు ఆడుకున్నా నేనది గమనించనేలేదు. ఆయనకి రెండు నిమిషాలు పట్టింది.

తర్వాత వైఫై. ఆ లాప్‌టాప్‌లో చిప్పుకి కావలసిన డ్రైవరు సోర్సు కోడు బయటపెట్టని రకం. ఫెడోరా అలాంటివి తన వెంట మోసుకురాదు, అది వాళ్ళ నియమం. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో లాప్‌టాప్‌కి తగిలించి టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, ఈ చిట్కా ఎవరికైనా పనికొస్తుంది. ఆ తర్వాత మా అమ్మాయి డాన్సు వీడియో ఫోన్‌లోంచి ఎక్కించి నొక్కితే ఆడలేదు. వీడియోలు ఆడించడానికి కావలసిన, పేటెంట్లున్న కోడెక్‌లు కూడా ఫెడోరా తనంతట తాను ఇవ్వదు, ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే చోటు నుంచి విడిగా తెచ్చుకోవాలి. ఇవేవీ లోపాలు కావు. తెలిసి పెట్టుకున్న కట్టుబాట్లు, నాకు గౌరవమే. కానీ ఒక్కో విడుదలకి సపోర్టు పదమూడు నెలలు. అంటే ఏడాదికోసారి నేను తెనాలి వచ్చి సిస్టం మొత్తం పైకి ఎక్కించాలి. మార్కుల షీటులో "ఆర్నెల్లకోసారి కొత్తది" అన్నదానికి పదికి పది వేసింది నేనే.

ఉబుంటు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఎడమవైపు నిలువు పట్టీ, దించే గీత ఉంది, వైఫై డ్రైవరు ఒక టిక్కుతో వచ్చేసింది. నేను చూసిన 24.04 వెర్షన్‌కి 2029 దాకా సపోర్టు. ఇందులో ఫైర్‌ఫాక్స్ స్నాప్ అనే పొట్లంలో వస్తుంది, మింట్ వాళ్ళు స్నాప్ వద్దని మామూలుగా ఇస్తారు. ఈ స్నాప్ మీద ఇంటర్నెట్‌లో కురుక్షేత్రాలే జరుగుతుంటాయి. నాన్నగారు నొక్కారు, తెరుచుకుంది, పేపరు చదువుకున్నారు.

అసలు కథ కీబోర్డు దగ్గర నడిచింది.

నాన్నగారిది ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు. పదేళ్ళ కిందట మీటల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించుకుని మరీ నేర్చుకున్నారు. నేను ఆర్‌టీఎస్ వాణ్ణి, అమెరికాలో రైస్ యూనివర్సిటీలో పుట్టిన పద్ధతి, తెలుగుని ఇంగ్లీషు అక్షరాలతో కొడతాం. ఆయనకి అది సుతరామూ గిట్టదు. "అ అనడానికి ఏ కొట్టడమేమిట్రా" అంటారు. ఇన్‌స్క్రిప్ట్ 1986లో వచ్చింది, 1991లో భారతీయ ప్రమాణం అయింది. ఎడమచేతికి అచ్చులు, కుడిచేతికి ఎక్కువగా హల్లులు. పండితులకి నచ్చక ఏం చేస్తుంది? అమ్మ అని కొట్టాలంటే షిఫ్ట్ పట్టుకుని డి, తర్వాత సి, డి, సి. రెండో డి పొల్లు. స్టిక్కర్లు ఎప్పుడో అరిగిపోయాయి, వేళ్ళకి మాత్రం తెలుసు.

శుభవార్త ఏంటంటే ఈ ఇన్‌స్క్రిప్ట్ నాలుగు డిస్ట్రోల్లోనూ ఉంది, కీబోర్డు జాబితాలో తెలుగు అని ఎంచుకుంటే వచ్చేది అదే. విండోస్‌లో కొట్టినట్టే కొట్టొచ్చు. నాలాంటివాళ్ళకి ఐబస్ అనే టైపింగు సాధనంలో ఎం17ఎన్ అనే అదనపు ప్యాకేజీ వేసుకుంటే ఆర్‌టీఎస్ కూడా దొరుకుతుంది. కాబట్టి ఇక్కడ పేచీ ఉండదనుకున్నాను.

ఆయన కొట్టడం మొదలుపెట్టారు. ఒక పాదం అయ్యాక అంకె ఏదో ఇంగ్లీషులో వెయ్యాల్సొచ్చి ఎడమచెయ్యి ఆల్ట్, షిఫ్ట్ రెండూ కలిపి నొక్కింది. ఏమీ మారలేదు. మళ్ళీ నొక్కింది. మూడోసారి నా వైపు చూశారు. ఉబుంటు, ఫెడోరా, జోరిన్ మూడిట్లోనూ భాష మారడానికి విండోస్ మీట, స్పేస్ నొక్కాలి. "ఇది అలవాటు చేసుకుంటే..." అని నేననేలోపు ఆయన పదేళ్ళుగా ఆ రెండు మీటల మీద ఉన్న వేళ్ళ వంక చూసుకున్నారు. నాకింక మాట రాలేదు. గ్నోమ్‌లో కూడా మార్చుకోవచ్చు, దానికి మళ్ళీ ట్వీక్స్ వెయ్యాలి. మింట్‌లో కీబోర్డు సెట్టింగుల్లోనే ఆప్షన్స్ అని ఉంటుంది, అందులో భాష మార్చే మీటలు అన్నీ వరసగా రాసుంటాయి, ఆల్ట్ షిఫ్ట్‌కి టిక్కు పెట్టడమే. అర నిమిషం.

జోరిన్ గురించి న్యాయంగా చెప్పాలి. ఐర్లండులో ఇద్దరు అన్నదమ్ములు తయారుచేసేది, జోరిన్ 18ని సరిగ్గా అక్టోబరు 14నే విడుదల చేశారు, విండోస్ 10 వెళ్ళిపోయే రోజునే. వంట తెలిసినవాళ్ళు, వేళకి వడ్డించారు. నాలుగింట్లో విండోస్‌కి అచ్చంగా దగ్గరగా ఉన్నది ఇదే. అమ్మ వచ్చి చూసి "బాగైందా పాతది?" అంది. అంతకంటే పెద్ద ప్రశంస నేను వినలేదు. ర్యామ్ 4 జీబీయే ఉన్నప్పుడు కాస్త బరువుగా నడిచింది, రెండో ముక్క వేశాక ఆ తేడా కూడా పోయింది. ఎవరైనా విండోస్ నుంచి వస్తున్నాం, సెట్టింగులు ముట్టుకోం అంటే నేను జోరిన్ పేరే చెబుతాను.

మరి మింట్ ఎందుకు? ఒకటి, ఆ ఆల్ట్ షిఫ్ట్. రెండోది నాన్నగారే. "దీని పేరేమిటి?" అన్నారు. లినక్స్ మింట్ అన్నాను. "మింటంటే పుదీనాయేనా? మరి ఈ తెర పేరు?" సినమన్. "పుదీనాలో దాల్చినచెక్కా? ఇది కంప్యూటరా, కషాయమా?" ఆ రోజంతా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఇదే చెప్పుకున్నారు. మనిషి దేన్ని వేళాకోళం చేస్తున్నాడో దాన్ని అప్పటికే ఇంట్లోకి రానిచ్చినట్టే. మింట్ 22.2 వేశాను, ఉబుంటు 24.04 పునాది మీద కట్టింది, ఇదీ 2029 దాకా.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నేను చేయబోయిన ఘనకార్యం ఒకటుంది. పాత డిస్కుని కేసులో పెట్టి, అందులోంచి ఫైళ్ళు తేవాలి కదా అని ముందే తగిలించి ఉంచాను. డిస్కు చెరిపి వెయ్యాలా అని అడిగినప్పుడు జాబితాలో రెండు డిస్కులున్నాయి. పైనున్నది ఎంచుకుని బాణం బొత్తాం మీద పెట్టాను. ఇంతలో అమ్మ కాఫీకి పిలిచింది. తిరిగొచ్చి చూస్తే దాని పక్కన 500 జీబీ అని ఉంది. పదేళ్ళ పద్యాలు. కాఫీ చల్లారిపోయిందని అమ్మ కేకలేస్తుంటే ముందు కేసు పీకి అటక మీద పెట్టి, అప్పుడు ముందుకెళ్ళాను.

దీపావళి రాత్రి ప్రింటరుతో గడిచింది. అది పాతకాలపు లేజర్ ప్రింటరు, పేజీని కంప్యూటరే తయారుచేసి పంపాలి, కాబట్టి కంపెనీ డ్రైవరు లేకుండా కదలదు. ఇప్పుడొచ్చే నెట్‌వర్క్ ప్రింటర్లు చాలావరకు ఏ డ్రైవరూ లేకుండానే పలుకుతాయి. ఇది పలకలేదు. తెర మీద పని పూర్తయిందంటుంది, కాగితం రాదు. డ్రైవరు దొరికింది గానీ దానికి కావలసిన పాత సాఫ్ట్‌వేర్ ముక్కలు (లైబ్రరీలు) రెండు లేవు. వీధిలో చిచ్చుబుడ్లు వెలుగుతుంటే నేను టెర్మినల్‌లో ఆదేశాలు కొడుతూ కూర్చున్నాను. పదకొండున్నరకి ప్రింటరు ఒకసారి మూలిగి కాగితం బయటపెట్టింది. ఇందులో మింట్ గొప్పదనమూ లేదు, మిగతావాటి తప్పూ లేదు. ఏ డిస్ట్రో మంచిదని అడిగేవాళ్ళకి నేనిప్పుడు ఇచ్చే మొదటి జవాబు "మీ ప్రింటరు ఏది?"

ఆ కాగితం మీద పద్యం చూసి నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. ఫైలు విండోస్‌లో గౌతమి ఫాంటుతో చేసింది. లినక్స్‌లో గౌతమి లేదు గనక లిబ్రేఆఫీస్ ఇంకో ఫాంటు వేసేసింది. అది కాస్త వెడల్పు. ఉత్పలమాలకి పాదానికి ఇరవై అక్షరాలు. ప్రతి పాదంలో చివరి రెండేసి అక్షరాలు కింది వరసలోకి జారిపోయాయి.

"ఎనిమిది పాదాలొచ్చాయిరా. ఇది ఉత్పలమాల కాదు, సాలెపురుగు."

మర్నాడు పొద్దున్నే సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో తెలుగు ఫాంట్ల ప్యాకేజీలు వెతికి వేశాను. పోతన, వేమన ఉన్నాయి, సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, గిడుగు, సురవరం లాంటివీ ఉన్నాయి. ఒక్కొక్కటీ చూపించాను. "పోతన ఉండగా ఇంకెవరెందుకు" అని అక్కడితో ఆపేశారు. అక్షరం సైజు ఒక మెట్టు తగ్గించాక సాలెపురుగు మళ్ళీ నాలుగు కాళ్ళ మీద నిలబడింది.

తెలుగు పండితులు కదా, మెనూలు కూడా తెలుగులో పెడదామని చూశాను. ఫైలుకి దస్త్రం, ఫోల్డరుకి సంచయం, సెట్టింగులకి అమరికలు. నాన్నగారికి సంచయం తెగ నచ్చింది. అమ్మ మాత్రం "అమరికలంటే ఏంటి, ఎక్కడ అమరాలి?" అంది. పైగా అన్నీ తెలుగులో లేవు, సగం తెలుగు, సగం ఇంగ్లీషు. ఫోన్‌లో నేను "సెట్టింగ్స్ తెరవండి" అంటే ఆయన ఎక్కడ వెతుక్కుంటారు? ఇంగ్లీషుకే వచ్చేశాం. సంచయం అన్న మాట మాత్రం ఇంట్లో ఉండిపోయింది.

వాట్సాప్‌ని మింట్‌లోని వెబ్ యాప్స్ అనే సాధనంతో బ్రౌజరులోంచి తీసి బొమ్మలా పెట్టాను. టైమ్‌షిఫ్ట్ ఆన్ చేశాను, ఏదైనా తేడా చేస్తే సిస్టాన్ని నిన్నటి స్థితికి తీసుకుపోతుంది. సొంత ఫైళ్ళకి అది బ్యాకప్ కాదు, పద్యాలకి విడిగా ఒక పెన్‌డ్రైవ్ కేటాయించాం. మొదటి పది రోజులు రోజూ ఫోనొచ్చేది. "డాలు బొమ్మ మీద చుక్క పెట్టిందిరా." అది అప్‌డేట్లు వచ్చాయన్న గుర్తు, నొక్కి పాస్‌వర్డ్ ఇవ్వండి అంటే ఇచ్చేవారు. కార్తీకమాసం సగం అయ్యేసరికి ఫోన్లు తగ్గాయి.

తీరని పని ఒకటే మిగిలింది. 2009లో ఆయన ఒక శతకం అచ్చు వేయించుకున్నారు. అప్పట్లో డీటీపీ అంతా పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే కదా. ఆ ఫైలు ఇక్కడ తెరుచుకోదు. అందులో అక్షరాన్ని కాపీ చేసి తెస్తే డాలర్లు, ఆశ్చర్యార్థకాలు పడతాయి, అది అన్ని యంత్రాలకీ ఒకేలా అర్థమయ్యే యూనికోడ్ కాదు మరి. పాత డిస్కు ఉందిగా, మార్చే సాధనాలు కూడా ఉన్నాయి, నేను చేసిపెడతానన్నాను. వద్దన్నారు. పుస్తకం ఎదురుగా పెట్టుకుని రోజుకి రెండు పద్యాల చొప్పున తనే మళ్ళీ కొడుతున్నారు. మొన్న ఫోన్ చేసినప్పుడు నలభై ఆరో పద్యం దగ్గరున్నారు. అచ్చులో యతి తప్పినవి రెండు దొరికాయట. పదహారేళ్ళుగా ఒక్కరూ చెప్పలేదని కాసేపు కోప్పడి, దిద్దుకుంటున్నారు.